హ్యూస్టన్‌లో నాన్న, ఓ స్టీలు పళ్లెం

అమెరికా వచ్చిన మూడు వారాల్లో నాన్న నన్ను ఏదీ అడగలేదు. మాల్‌కి తీసుకెళ్తే వచ్చాడు, గుడికి తీసుకెళ్తే వచ్చాడు. అంతే. విజయవాడలో ముప్పై ఏళ్లు ఫ్రిజ్‌లు బాగుచేసిన మనిషికి ఇక్కడ ఏం తోస్తుంది?

ఓ శనివారం స్పేస్ సెంటర్ హ్యూస్టన్‌కి బయల్దేరాం. డౌన్‌టౌన్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ఆవరణలోనే బోయింగ్ 747 వీపు మీద ‘ఇండిపెండెన్స్’ అనే షటిల్ నమూనా కనిపిస్తుంది. లోపలికెళ్లి చూడొచ్చు. అసలు షటిల్‌లో సామాన్లు పెట్టే అర 18 మీటర్ల పొడవు. అక్కడ నిలబడి నాన్నకి వేక్ షీల్డ్ కథ చెప్పాను.

హ్యూస్టన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన 3.7 మీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు పళ్లెం అది. 300 కిలోమీటర్ల పైన కూడా గాలి పూర్తిగా పోదు, పల్చగా ఆక్సిజన్ పరమాణువులుంటాయి. పళ్లెం సెకనుకి దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురొచ్చినవి పక్కకి తప్పుకుంటాయి. వెనక చోటుని నింపేంత వేగం వాటికుండదు. ఆ వెనకున్న ఖాళీలో గాలియం ఆర్సెనైడ్‌ని పల్చటి పొరలుగా పెంచారు. చిప్‌లకీ ఎల్‌ఈడీలకీ పనికొచ్చే పదార్థం.

‘‘అంత ఖాళీ ఎందుకురా?’’

‘‘చెత్త చేరితే పొర పాడైపోద్ది నాన్నా.’’

‘‘ఓస్, మా వాక్యూమే కదా! గ్యాస్ ఎక్కించే ముందు పంపు పెట్టి గాలంతా లాగమూ? కాస్త తేమ మిగిలినా కాపిలరీలో గడ్డకట్టి కూలింగ్ ఆగిపోద్ది. కొత్త కుర్రాళ్లు పది నిమిషాలకే పంపు కట్టేస్తారు.’’

ఆ పంపు పక్కన కూర్చుని, ఇంటికెళ్దామని ఎన్ని సాయంత్రాలు విసిగించానో. నా ఇంజినీరింగ్ ఫీజు దాని మీదే వచ్చింది. ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలాను. నాన్న మాత్రం చివరిదాకా వాక్యూమ్ దగ్గరే ఉన్నాడు.

1994 ఫిబ్రవరిలో డిస్కవరీ తీసుకెళ్తే పళ్లేన్ని వదలడం కుదర్లేదు. రోబో చేతికి ఉంచే పని కానిచ్చారు. 1995లో ఎండీవర్ నుంచి విడిగా ఎగిరింది. 1996 నవంబరులో కొలంబియా తీసుకెళ్లినప్పుడు ఏడు పొరలు వచ్చాయి. మళ్లీ ఎగరలేదు.

‘‘బాగా వస్తుంటే ఎందుకు ఆపారు?’’

‘‘షటిల్‌లో తెచ్చేదాని కంటే కింద చాంబర్‌లో పెంచేదే చవక నాన్నా.’’

‘‘అదీ నిజమే. పంపుతో అయ్యేదానికి రాకెట్టెందుకు?’’ అని నవ్వాడు. కాసేపాగి, ‘‘ఆ పళ్లెం చేసిన చోటు దూరమా?’’ అన్నాడు.

తిరుగుదారిలోనే. ఐ-45 మీద యూనివర్సిటీ ఎగ్జిట్ రాగానే కారు తిప్పాను. నాన్న అద్దం దించుకున్నాడు.