ఘటోత్కచుని మేకుల పలక



మా చోడవరము చెరకుతోటల నడుమనున్న ఊరు. 2022వ సంవత్సరము వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరినది. స్వయంభూ విఘ్నేశ్వరుని కోవెల వలనను, గోవాడ చక్కెర కర్మాగారము వలనను దీని పేరు మీలో కొందరు వినియే యుందురు. ఈ ఊరిలో మా యింటి అటుకమీద ఒక మేకుల పలక యున్నది. దానిని గూర్చియు, దానికొరకు నేను చేసిన ఒక చిన్న ప్రయాణమును గూర్చియు చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

నా చిన్నతనమున తీర్థములలో ఇట్టి పలక ఆడించువారు కూర్చుండెడివారు. ఏటవాలు చెక్కమీద వరుసలుగా మేకులు, క్రింద అంకెలు వేసిన గళ్లు. పైనుండి గోళీ విడిచినచో మేకులకు తగిలి తగిలి ఏదో యొక గడిలో పడును. అంకెనుబట్టి దువ్వెనయో, చేతి అద్దమో బహుమానము. ఒకనాడు నేను అర్ధరూపాయి పట్టుకొని పోగా, "ఇది ఆడపిల్లల ఆట కాదు, పో" అని ఒకడు తరిమివేసెను. ఏడ్చుచు ఇంటికి వచ్చితిని. మా నాన్నగారు విని ఏమియు అనలేదు. మరునాడు పాత తలుపుచెక్క యొకటి దించి, చిత్రిక పట్టి, దానిమీద మేకులు కొట్టుట మొదలిడిరి.

మా నాన్నగారికి మాయాబజార్ చిత్రమన్న ప్రాణము. విజయావారు 1957లో విడుదల చేసిన ఆ చిత్రమును, కె.వి. రెడ్డిగారి దర్శకత్వమును, ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావుగారి గాంభీర్యమును ఆయన తన బాల్యమున డేరా సినిమాలో నేలమీద కూర్చుండి చూచిరట. అందుచేత పలక నడుమ నోరు తెరచిన ఘటోత్కచుని చిత్రించిరి. ఆ నోరే నూరు అంకెల గడి. సైకిలు చక్రములోని ఇనుప గుండ్లే లడ్డూలు. నోట పడక జారినవి క్రింద గారెల గంపలోనో, అప్పాల పళ్లెములోనో పడును. వానికి పది, అయిదు. ఈ ఆట నేను ఎన్ని వేసవులు ఆడితినో లెక్కలేదు. పలక ప్రక్కనే నా లక్కపిడతల సంసారముండెడిది: పొయ్యి, కుండ, తిరగలి, రోలు, రెండు రోకళ్లు.

గత వేసవిలో విశాఖపట్టణమున ఒక వినోదశాలకు మా వారు మమ్ము తీసికొని పోయిరి. అచట అద్దము మూసిన పెద్ద బల్లయొకటి దీపములతో వెలుగుచు, గంటలు మ్రోగించుచుండెను. పదేండ్ల మా అమ్మాయి దానిని చూచి, "అమ్మా, ఇది మన తాతయ్య పలకే! కాని దీనికి చేతులున్నాయి" అని కేక వేసెను. అది పిన్‌బాల్ యంత్రము. ఇంటికి వచ్చి దాని చరిత్ర చదువగా పిల్లదాని మాట నిజమేయని తెలిసినది.

ఈ ఆటకు మూలము బాగటెల్ అను మేకుల పలకయే. 1871లో అమెరికాలోని సిన్సినాటి నగరమున మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనునతడు గుండును తోయుటకు స్ప్రింగు కడ్డీ నమర్చి పేటెంటు పొందెను. 1931లో గాట్లీబ్ కంపెనీవారి బాఫుల్ బాల్ అను బల్ల బహుళముగా వ్యాపించెను. అప్పటికి ఆడువాని పని గుండును తోయుటతో సరి, తరువాతది దైవాధీనము. కావుననే జూదమని యెంచి న్యూయార్కు నగరము 1942లో దీనిని నిషేధించెను. ఆ నిషేధము 1976లో గాని తొలగలేదు. ఈ నడుమ 1947లో గాట్లీబ్ వారే ఒక బల్లకు ఆరు చిన్న రెక్కల నమర్చిరి. ఫ్లిప్పర్లని వానికి పేరు. మీట నొక్కినచో రెక్క లేచి, జారిపోవు గుండును మరల పైకి కొట్టును. దైవమునకు పురుషకారము తోడైనది.

ఆ బల్లమీది బొమ్మ యేదియో ఎరుగుదురా? మన పిల్లలు బడిలో వల్లించు పాటలోని హంప్టీ డంప్టీ! మరుసటి యేట ఆలిస్ కథతో ఒక బల్ల వచ్చెను. తరువాత చలనచిత్రముల వంతు. 1992లో ఆడమ్స్ ఫ్యామిలీ చిత్రముపై చేసిన బల్లలు ఇరువది వేలకు పైగా అమ్ముడుపోయెను. 1939 నాటి విజర్డ్ ఆఫ్ ఓజ్ చిత్రముపై 2013లోను, ఆటబొమ్మలే పాత్రలైన టాయ్ స్టోరీ నాలుగవ చిత్రముపై 2022లోను బల్లలు వచ్చినవి. ఇది చదువుచు నేను ఆగిపోయితిని. 1939 నాటి చిత్రము 2013 నాటి పిల్లలు అడిగినదా? వేలకొలది డాలర్ల ఆ యంత్రములను కొనువారు పిల్లలు కారు. ఒకప్పుడు పిల్లలుగా నుండినవారు. మా నాన్నగారును అదియే చేసిరి గదా! నా కన్నీరు తుడుచుటకు తన బాల్యమును తీసి నా చేతిలో పెట్టిరి.

ఇంతలో మా అమ్మాయి పలకను అటుకపైనుండి దింపించి, "దీనికి చేతులు పెడదామమ్మా. కిందంతా రంగు రాలిపోయింది, అక్కడ నా బొమ్మ వేస్తాను" అనెను. నేను ససేమిరా వలదంటిని. మా నాన్నగారు గతించి తొమ్మిదేండ్లైనది. ఆ కుంచెగీతలు తప్ప ఆయన చేతిగుర్తులు నాయొద్ద మరి లేవు. పిల్లది రెండు దినములు నాతో సరిగా మాటలాడలేదు. మా వారు బడి నుండి వచ్చి, "నిన్ను పోపొమ్మన్న వానికొరకు గదా మీ నాన్న ఆ పలక చేసిరి" అని మాత్రము అనిరి. ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది.

ఆదివారమునాడు తల్లీకూతుండ్రము ఏటికొప్పాకకు బయలుదేరితిమి. లక్కపిడతలలో పోయినవానిని కొనవలెనని నా నెపము. బెల్లపు సంతకు పేరుపొందిన అనకాపల్లిలో బస్సు మారి, యలమంచిలి దాటి, వరాహనది చెంతనున్న ఆ ఊరు చేరితిమి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. మెత్తని అంకుడుకర్రను తరిమెనకు బిగించి, ఉలితో చెక్కి, రూపము తీర్తురు. పసుపు, జాఫ్రా గింజలు మొదలగువాని రంగులు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న కర్రకు అదిమి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. పిదప మొగలిఆకుతో మెరుగు పెట్టుదురు.

మా అమ్మాయి ఊరకుండక, "ఆగి ఉన్నప్పుడు రంగు వేయకూడదా?" అని అడిగెను. ఆ పనివాడు నవ్వి, "నిలిచిన కర్రకు లక్క పట్టదు తల్లీ, తిరుగుతుంటేనే పడుతుంది" అనెను. అతడు తన పనిని గూర్చియే చెప్పెను. నాకు మాత్రము అటుకమీది పలక కన్నుల గట్టినది. తొమ్మిదేండ్లుగా దానిని భద్రపరచితి ననుకొంటిని, నిజమునకు నిలిపివేసితిని.

తిరిగివచ్చిన రాత్రియే నా పాత లక్కపిడతల మూట విప్పితిని. రోలు పగిలినది గాని రోకళ్లు రెండును చెక్కుచెదరలేదు. వానికి రంధ్రములు చేసి, పలక అడుగున మేకులకు తగిలించి, రబ్బరుతో లాగి కట్టగా చక్కని రెక్కలైనవి. ఘటోత్కచుని ముట్టరాదనియు, రంగు రాలిన చోటంతయు తనదేననియు పిల్లదానితో ఒప్పందము చేసికొంటిని. ఏమి వేయునో యని వేచియుంటిని. తీర్థములో కొన్న తన పసుపుపచ్చని జేసీబీ బొమ్మను ఎదుట పెట్టుకొని అది యట్లే దించినది! ఆ యంత్రపు తొట్టెలో లడ్డూలు. తాతగారి రాక్షసునికి మనుమరాలు జేసీబీతో వడ్డించుచున్నది. నాకు నవ్వును ఏడుపును ఒక్కమారే వచ్చినవి.

ఇప్పుడు సాయంకాలములందు వీధిలోని ఆడపిల్లలెల్లరు మా అరుగుమీద చేరి ఆడుచున్నారు. నా రోకలి తగిలి గుండు పైకెగసి ఘటోత్కచుని నోట పడినప్పుడు వారి కేకలు వీధి చివరివరకు వినవచ్చును. మీ యిండ్ల అటుకలమీదను ఇట్టివి ఏవైన నుండవచ్చును. ఒకమారు దింపి చూడుడు. దింపిన పిమ్మట పిల్లల చేతికిచ్చి, రంగు రాలిన చోటు వారికి విడువుడు.