తోడు లేని జనరేటర్

కరెంటు పోతే జనరేటర్ వేస్తారు, దీపాలు వెలుగుతాయి. మనకు తెలిసింది అంతవరకే. మిక్సీ ఆగితే మనమే విప్పి చూస్తాం గానీ, అపార్ట్‌మెంటు వెనక రేకుల షెడ్డులో ఉన్న ఆ ఇనప పెట్టె జోలికి పోము. అది మగవాళ్ళ శాఖ. ఆ శాఖవారికి కూడా దాని సంగతి అంతంతమాత్రమేనని హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తెలిసింది.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు ఆ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. చెట్లూ, కరెంటు స్తంభాలూ ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. కరెంటు రోజుల తరబడి రాలేదు. మా అయిదో అంతస్తు మామ్మగారికి ఆక్సిజన్ మిషను లేనిదే ఊపిరాడదు. మిషనుకేమో కరెంటు కావాలి. ఇంట్లో ఉన్న ఒక్క సిలిండరూ మర్నాటి తెల్లవారుజాముకి అయిపోతుందని కోడలు లెక్క వేసి చెప్పింది.

జనరేటర్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఎవరిదో కారు బ్యాటరీ తెచ్చి తగిలిస్తే ఇంజను గర్జించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. దీపం మాత్రం ఒక్కటీ వెలగలేదు! "వోల్టేజి రెగ్యులేటర్ కాలిపోయింది, కొత్తది వెయ్యాలి" అని రెండో అంతస్తాయన తేల్చేశారు. ఆయన ఇంజనీరే, కాకపోతే వంతెనలు కట్టే ఇంజనీరు. దుకాణాలన్నీ మూతపడిన ఊళ్ళో కొత్తది ఎక్కణ్ణించి తేవాలో ఆయనా చెప్పలేదు.

సాయంత్రానికి ఒక ముసలి మెకానిక్, పడిన చెట్ల మీంచి సైకిలు ఎత్తుకుంటూ వచ్చాడు. ముందు మీటరు పెట్టి ఇంజను వేగం చూశాడు. నిమిషానికి 1500 చుట్లు, అంటే 50 సైకిల్స్. అది సరిగ్గానే ఉంది. తర్వాత కరెంటు బయటికొచ్చే చోట పెట్టాడు. 230 వోల్టులు ఉండాల్సిన చోట రెండో మూడో ఉన్నాయి.

"మిసనీ బాగానే ఉందమ్మా. కరెంటు తియ్యడం మర్సిపోనాది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది గానీ అతను నవ్వలేదు. ఇంజను తిప్పడం వరకేనట. కరెంటు పుట్టేది దాని పక్కనున్న ఆల్టర్నేటర్‌లో. అందులో తిరిగే అయస్కాంతం అసలు అయస్కాంతమే కాదు, రాగితీగ చుట్టిన ఇనుము. తీగలో కరెంటు పారితేనే దానికి పూర్తి బలం. మరి ఆ కరెంటు ఎక్కణ్ణించి? ఆ యంత్రంలోంచే! కిందటిసారి తిరిగినప్పటి అయస్కాంతపు గుణం ఇనుములో రవ్వంత మిగిలి ఉంటుంది. దానితో కొంచెం కరెంటు, ఆ కొంచెంతో మరికాస్త బలం. నిన్నటి పెరుగు చెంచాడు వేస్తే ఇవాళ్టి గిన్నెడు పాలు తోడుకోవూ? అలాగన్నమాట. మరీ పెరిగిపోకుండా, లోడు పడితే కుంగిపోకుండా కాచుకునేది రెగ్యులేటర్. ఈ కిటుకుని 1867లో బెర్లిన్‌లో వెర్నర్ సీమెన్స్, లండన్‌లో వీట్‌స్టన్ ఒక నెల తేడాలో పండితసభల ముందు పెట్టారు. నా బి.ఏ. చరిత్ర పుస్తకంలో యుద్ధాలే ఉన్నాయి, ఇది లేదు.

"ఎన్నాళ్ళయింది బాబూ తిప్పి?" అని మెకానిక్ అడిగితే మా సెక్రటరీగారు మెల్లిగా, "సంక్రాంతికి" అన్నారు. డీజిలు పొదుపు! తోడు చెంచా కూడా మిగల్చకుండా గిన్నె కడిగేసినట్టయింది.

అయినా అతను ఆ మాట పట్టుకుని తీర్పు చెప్పెయ్యలేదు. నాకు ముచ్చటేసింది అక్కడే. రెగ్యులేటర్ నుంచి రెండు తీగలు విప్పి, వాటికి కారు బ్యాటరీ తగిలించి ఇంజను తిప్పాడు. మీటరు ముల్లు 220 దాకా లేచింది. అంటే ఆల్టర్నేటర్‌కి ఏ రోగమూ లేదు. ఇక దోషం రెగ్యులేటర్‌దన్నా కావాలి, లేదా తోడు పోయి ఉండాలి. ఇంజను ఆపి, బ్యాటరీ తీసేసి, తీగలు మళ్ళీ రెగ్యులేటర్‌కి బిగించి నడిపాడు. ముల్లు తనంతట తానే 230కి చేరి నిలబడింది. కొత్త రెగ్యులేటర్ ఖర్చు తప్పింది. వంతెనలాయన వాచీ చూసుకున్నారు.

అందరూ ఫ్రిజ్జులనీ, మోటారనీ మొదలెట్టారు. మెకానిక్ వినిపించుకోలేదు. అన్ని స్విచ్చులూ దించేసి, అయిదో అంతస్తుది ఒక్కటే పైకెత్తాడు. పైనుంచి కోడలి కేక వినబడింది: "వచ్చిందండీ!"

డబ్బులు తీసుకుంటూ, నెలకోసారైనా లోడు వేసి తిప్పమని సెక్రటరీగారికి చెప్పి వెళ్ళాడు. అప్పట్నించీ నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే అరగంటసేపు ఆ మోత మోగాల్సిందే. నిద్ర పాడవుతోందని వంతెనలాయన ఒక్కరే గొణుగుతుంటారు.