చక్రం నిలువరాదు, బండి నిలువవలె

బండిని పరుగెత్తించే యంత్రాన్ని గూర్చి ముచ్చటించుకొనేవారు ప్రతి టీ దుకాణం వద్దా కనిపిస్తారు. బండిని ఆపే యంత్రాన్ని గూర్చి మాట్లాడేవారు మాత్రం అరుదు. తెలుగు బోధించుకొనే మాకు ఈ రెంటితోనూ పని లేదని మిత్రులు కొందరు హాస్యమాడారు. సంధులూ సమాసాలూ చెప్పుకొనేవారికి బ్రేకుల గొడవ ఎందుకని వారి ప్రశ్న. ప్రతి దినం పాతిక కిలోమీటర్లు మోటారు సైకిలు మీద వచ్చి, మరల అంత దూరమూ పోయి ఇల్లు చేరుకొనేవారికి సంధుల కంటె బ్రేకులతోనే ఎక్కువ అవసరమని మా సమాధానం.

ఈ వ్యాసానికి కారణం డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థి ఒకడు మాతో అన్న మాట. అతని బండికి ఏ.బి.ఎస్., అనగా చక్రం బిగిసిపోకుండా కాపాడే బ్రేకు ఏర్పాటు, ఉన్నది. దాని ఫ్యూజు తీయించి పనిచేయకుండా చేయించాడట. ఎందుకు నాయనా అని అడిగితే, "అది బండి నడపడం రానివాళ్ళకు సార్. రేసు బండ్లకు అది ఉండదు. చెయ్యి తిరిగినవాడికి అడ్డం" అన్నాడు. ఆ మాటలో సత్యం బొత్తిగా లేకపోలేదు. అందుచేత దానిని కోప్పడి కొట్టివేయక, విప్పి చూడవలసి ఉన్నది.

మొదట యంత్రం సంగతి. బ్రేకు గట్టిగా పట్టగానే చక్రం తిరగడం మానితే బండి ఆగినట్లేనని చాలామంది భావిస్తారు. చక్రం ఆగుతుంది, బండి జారుతూ ముందుకు సాగిపోతుంది. మామూలు రోడ్డును టైరు అన్నిటికంటె గట్టిగా పట్టుకొనేది, బండి వేగానికి సుమారు 10 నుండి 20 శాతం వెనుకబడి ఇంకా తిరుగుతున్నప్పుడే. పూర్తిగా బిగిసిన చక్రానికి ఆ పట్టు తగ్గుతుంది. అంతకంటె ముఖ్యంగా, పక్కకు మరలే శక్తి పోతుంది. స్టీరింగు ఎటు తిప్పినా కారు తిన్నగానే పోతుంది. మోటారు సైకిలుకు ముందు చక్రం బిగిస్తే తిన్నగా పోయే భాగ్యం కూడ లేదు, సాధారణంగా నేల మీద పడవలసిందే. ఏ.బి.ఎస్.లో చక్రం వేగాన్ని ఒక సెన్సరు అనుక్షణం కొలుస్తూ ఉంటుంది. చక్రం ఉన్నట్టుండి బిగిసే సూచన కనిపించగానే బ్రేకు ఆయిలు ఒత్తిడి సడలుతుంది, మరల అందుతుంది. ఒక్క సెకనులో ఇట్లు అనేక పర్యాయాలు జరుగుతుంది.

దీని పుట్టుక రోడ్డు మీద కాదు. 1950 దశకంలో డన్‌లప్ కంపెనీ మాక్సరెట్ అనే పేరుతో విమానాల చక్రాలకు దీనిని అమర్చినది. 1966లో జెన్సెన్ ఎఫ్.ఎఫ్. అనే బ్రిటిష్ కారుకు అదే యంత్రం ఎక్కినది. బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ పద్ధతి 1978లో మెర్సిడెస్ వారి ఎస్ తరగతి కారుకు వచ్చినది. మోటారు సైకిలుకు ఎలక్ట్రానిక్ ఏ.బి.ఎస్. రావడానికి మరి పదేళ్ళు పట్టినది, 1988లో బి.ఎం.డబ్ల్యు. కె100 బండిపై అది వచ్చినది.

ఇక రేసుల మాట. 1993లో విలియమ్స్ జట్టు ఫార్ములా వన్ కారు ఎఫ్.డబ్ల్యు. 15సి మీద ఏ.బి.ఎస్. ఉన్నది. ఆ ఏడు అలాన్ ప్రోస్ట్ ప్రపంచ విజేత అయినది ఆ కారుతోనే. 1994 నుండి దానిని నిషేధించారు. డ్రైవరుకు తోడ్పడే ఇతర ఎలక్ట్రానిక్ సాధనాలు కూడ దానితోపాటే పోయినవి. మనిషి చేయవలసిన పనిని యంత్రం చేస్తే పందెం మనుషుల మధ్య ఉండదని వారి అభ్యంతరం. పరీక్ష హాలులోనికి నిఘంటువును రానీయకపోవడం నిఘంటువు పనికిరాదని కాదు గదా! మోటోజీపీ పందేలలో కూడ ఇది నిషిద్ధమే. ఐతే జీ.టీ.3 అనే తరగతి పందెపు కార్లకు నిబంధనలే దీనిని అనుమతిస్తున్నవి. అక్కడ వృత్తి డ్రైవర్ల సరసన ఔత్సాహికులు కూడ నడుపుతారు. రేసు బండ్లకు ఉండదన్న మాట కాబట్టి సగమే నిజం.

మిగిలిన సగాన్ని కూడ చూడవలె. రోడ్డు కొరకు తయారైన కారును ట్రాక్ మీదికి తీసుకొనిపోతే ఏ.బి.ఎస్. కొన్నిచోట్ల నిజంగానే అడ్డమవుతుంది. మలుపుల వద్ద అంచు గట్టు మీదికి ఎక్కినప్పుడో, నేల ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడో చక్రం ఒక లిప్తకాలం గాలిలోనికి లేస్తుంది. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు తగిలితే అది తటాలున నిలిచిపోతుంది. యంత్రం దానిని చూచి, నేల మంచువలె జారుతున్నదని భ్రమించి ఒత్తిడిని అతిగా సడలిస్తుంది. కాలి కింద పెడలు రాయివలె బిగిస్తుంది, కారు మాత్రం అనుకొన్నంతగా ఆగదు. చక్రం బిగిసే అంచు వరకు పోయి అక్కడ నిలుపగలిగిన నిపుణుడు, ఎండిన నేల మీద ఒక్కొక్కప్పుడు యంత్రానికి దీటుగా ఆపగలడు. ఇంతవరకు మా విద్యార్థి మాట చెల్లుతుంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగరం ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినది. నగరవాసులు నిత్యం తిరిగే రోడ్డే అది. దానిని ట్రాక్‌గా మార్చడానికి ఇరువైపులా గోడలు పెట్టి, కంచెలు కట్టి, జనాన్ని తప్పించి, బండ్లన్నిటినీ ఒకే దిశలో పరుగెత్తించవలసి వచ్చినది. ట్రాక్ మీద డ్రైవరు అదే మలుపును పదే పదే చూస్తాడు. ఎక్కడ బ్రేకు పట్టవలెనో అతనికి ముందే తెలుసు. గోడలు తీసివేసిన మరునాడు అదే రోడ్డు మీద తెలియనిది అదొక్కటే. ఆగిన బస్సు వెనుక నుండి పిల్లవాడు ఉరికినప్పుడు బ్రేకును క్రమంగా బిగించే నేర్పు ఎవరికీ గుర్తుండదు. మనస్సు అనుమతి అడగకుండానే పిడికిలి బిగుస్తుంది. ఆ పిడికిలి కొరకే ఈ యంత్రం.

క్రిందటి వానకాలంలో, చినుకులు మొదలైన కొద్దిసేపటికి, వంతెన దిగిన చోట మా బండికి ఎదురుగా గేదె ఒకటి వచ్చినది. మా వేళ్ళ కింద బ్రేకు మీట గడగడ వణికినది. బండి పడలేదు. గేదెకూ మాకూ మధ్య మూరెడు చోటు మిగిలినది. గేదె మా వంక చూడనైనా లేదు.

ఐతే దీనికి చేతకాని చోట్లు ఉన్నవి. కోతల కాలంలో మా దారిలో వడ్లు, మొక్కజొన్నలు రోడ్డు మీదనే ఆరబోస్తారు. కొన్నిచోట్ల కంకర పోసి నెలల తరబడి వదిలివేస్తారు. లోతైన కంకరలో బిగిసిన చక్రం దిగబడి, తన ముందు రాళ్ళను కుప్పగా తోసుకొని కొంత త్వరగా ఆగుతుంది. ఏ.బి.ఎస్. దానిని అట్లు దిగబడనీయదు. అందుచేత ఆగే దూరం పెరుగుతుంది. కొండదారుల కొరకు చేసిన హిమాలయన్ మోటారు సైకిలుకు 2020లో, వెనుక చక్రపు ఏ.బి.ఎస్.ను మాత్రం నిలిపివేసే మీట పెట్టినది ఇందుకే. ముందు చక్రం జోలికి వారు పోలేదు. గట్టి తారు మీద పరచిన గింజలపై ముందు చక్రం బిగిస్తే మనిషి లేవడం కష్టం. కొన్ని గజాలు ఎక్కువ పోయినా నిటారుగా పోవడమే మేలని మా అభిప్రాయం.

అన్నిటికంటె చిక్కైన సంగతి మనిషి స్వభావం. 1980 దశకంలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో టాక్సీలను పరిశీలించారు. కొన్నింటికి ఏ.బి.ఎస్. ఉన్నది, కొన్నింటికి లేదు. ప్రమాదాల సంఖ్యలో చెప్పదగిన తేడా కనిపించలేదు. ఉన్నవారు మలుపులు మరింత దురుసుగా తిప్పుతున్నారని తేలినది. అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థ 2009లో ప్రకటించిన లెక్కల ప్రకారం కార్లలో ప్రాణాపాయం లేని ప్రమాదాలు 6 శాతం తగ్గినవి, మరణాలలో మాత్రం మొత్తం మీద మార్పు దాదాపు లేదు. మోటారు సైకిళ్ళ విషయం వేరు. ఏ.బి.ఎస్. ఉన్న బండ్లలో ప్రాణాంతక ప్రమాదాల రేటు ఐదవ వంతుకు పైగా తక్కువని అమెరికాలోనే బీమా కంపెనీల సంస్థ జరిపిన పరిశీలనలు తెలిపినవి. కారు జారినా నాలుగు చక్రాల మీదనే ఉంటుంది. మోటారు సైకిలుకు ఆ వెసులుబాటు లేదు. ఐనను వేగాన్ని 60 కిలోమీటర్ల నుండి 70కి పెంచితే, బ్రేకు పట్టిన తరువాత ఆగడానికి కావలసిన దూరం మూడవ వంతుకు పైగా పెరుగుతుంది. బ్రేకు పట్టవలెనని తోచడానికి ఒక్క సెకను పట్టినా, 60 కిలోమీటర్ల వేగంలో బండి అప్పటికే పదహారు మీటర్లు దాటి ఉంటుంది. ఆ పదహారు మీటర్లలో ఏ యంత్రమూ మనకు తోడు రాదు.

మన దేశంలో 2018 ఏప్రిల్ నుండి 125 సి.సి.కి మించిన కొత్త నమూనా ద్విచక్ర వాహనాలకు, మరుసటి ఏప్రిల్ నుండి పాత నమూనాలకు కూడ ఏ.బి.ఎస్. తప్పనిసరి అయినది. ఐతే మన విద్యార్థుల బండ్లలో అనేకం ముందు చక్రానికి మాత్రమే ఈ రక్షణ ఉన్నవి. వెనుక చక్రం బిగిసి జారగలదు. ఈ సంగతి బండి కొన్నవారిలో చాలామందికి తెలియదు.

కళాశాల సంఘం వారికి మా మనవి ఒకటి కలదు. ఏటా రెండుసార్లు, ఒక సాయంకాలం, ఆటస్థలం పక్కన ఉన్న సిమెంటు దారిని నీటితో తడిపి, హెల్మెట్టు పెట్టుకొన్న విద్యార్థులచేత ముప్పై కిలోమీటర్ల వేగంలో ఏ.బి.ఎస్. బండ్లపై గట్టిగా బ్రేకు పట్టించవలె. నేర్పించడానికి తెలిసిన మెకానిక్కును ఒకరిని పిలిస్తే చాలును. మీట వణికినప్పుడు బెదిరి వదిలివేయకుండా పట్టుకొని ఉండడం చేతికి అలవాటు కావలె. బండి తాళం తిప్పగానే డయలు మీద వెలిగే పసుపు దీపాన్ని కూడ అదే రోజున అందరికీ చూపించవచ్చును. బండి కదిలిన కొద్ది క్షణాలకు అది ఆరిపోవలె. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఏ.బి.ఎస్. పనిచేయడం లేదని అర్థం. ఫ్యూజు తీయించిన బండ్లను ఆ దీపమే చూపిస్తుంది.