బ్లేడున్న బూట్లకి బోర్డింగ్ పాస్

గోళ్లు కత్తిరించుకునే చిన్న కత్తెర కనబడితేనే అనుమానంగా చూసే చోటది. నీళ్ల సీసా చెత్తబుట్టలోకి పోతుంది. ఇక నూనె తేలే ఆవకాయ సీసా సంగతి చెప్పక్కర్లేదు. అలాంటి చోట, ఎక్స్‌రే తెరమీద ఒక సంచిలో జానెడేసి పొడవున్న రెండు ఉక్కు బ్లేడులు పక్కపక్కనే కనిపిస్తే? బెల్టు ఆగుతుంది. 'ఈ బ్యాగ్ ఎవరిది?' అంటారు. వరసలోంచి పన్నెండేళ్ల పిల్ల ఎవరో చెయ్యెత్తుతుంది. అధికారి జిప్పు తీసి, గుడ్డ తొడుగు లాగి చూసి, మళ్లీ తొడిగేసి సంచి చేతికిచ్చేస్తాడు. అమెరికా విమానాశ్రయాల్లో చలికాలం పోటీల రోజుల్లో ఇదేమంత వింత దృశ్యం కాదు.

ఐస్ స్కేట్స్... మంచుగడ్డ మీద జారేందుకు వేసుకునే బూట్లు. కాలికి వేసుకునేవేగా, సూట్‌కేసులో పడేస్తే పోలా అనిపిస్తుంది. ఫిగర్ స్కేటింగ్ నేర్చుకునే పిల్లల తల్లుల్ని అడిగితే ఒప్పుకోరు. మామూలు కొత్త చెప్పులు కరిస్తే నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. ఇవి అలా కాదు. గాల్లోకి ఎగిరి గిర్రున తిరిగి ఒంటికాలి మీద దిగేటప్పుడు చీలమండ మడతపడకూడదు కదా, అందుకని పొరలు పొరలుగా తోలుపెట్టి చెక్కలా బిగుతుగా చేస్తారు. చాలా రకాల బూట్లని ముందు వేడిచేసి, కాస్త మెత్తబడ్డాక పిల్ల కాలికి తొడిగి, చల్లారేదాకా కూర్చోబెడతారు. అప్పుడుగానీ ఆ పాదం ఆకారం రాదు. ఆ తర్వాత వారాల తరబడి బొబ్బలూ, ప్లాస్టర్లూ. అడుగున బ్లేడుని మరలతో బిగిస్తారు. అది కాస్త పక్కకి జరిగినా ఒంటి తూకం మొత్తం మారిపోతుంది.

బ్లేడు అనగానే గడ్డం గీసుకునేది గుర్తురావచ్చు. ఇది అంత పల్చటిది కాదు, సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం. అడుగున నిలువునా సన్నటి కాలువలాంటి గాడి చెక్కి ఉంటుంది. గాడికి అటో అంచు, ఇటో అంచు. మంచుని పట్టుకునేవి ఆ అంచులే. మొద్దుబారితే సానపట్టించాలి. ఆ సాన కూడా ఎవరు పడితే వాళ్లు పడితే కుదరదు. మంచి టైలరుని వదులుకోలేనట్టే, నమ్మకమైన సానవాణ్ని వెతుక్కుంటూ గంటల తరబడి కారు నడుపుకుంటూ వెళ్లేవాళ్లున్నారు.

ఇన్ని తంటాలు పడి కాలికి అలవాటు చేసుకున్న జత ఒక్క పూట కనబడకపోతే ఏమవుతుంది? డెట్రాయిట్ దగ్గర్లో ఉండే ఒక తెలుగు కుటుంబానికి అది బాగా తెలుసు. అమ్మాయికి పదమూడేళ్లు. ఆరేళ్లప్పట్నించీ మంచు మీదే. వేరే రాష్ట్రంలో పోటీ. విమానం ఎక్కేముందు నాన్న స్కేట్స్‌ని పెద్ద సూట్‌కేసులో సర్దేశాడు, సెక్యూరిటీ దగ్గర గొడవెందుకని. మనుషులు ఒక ఊళ్లో దిగారు, సూట్‌కేసు ఇంకో ఊళ్లో దిగింది. అది వచ్చేసరికి పోటీ అయిపోయి ఒక రోజు గడిచింది. రింకు దగ్గర అద్దెకిచ్చే బూట్లున్నాయి కదా అన్నారెవరో. వాటితో గుండ్రంగా నాలుగు చుట్లు తిరగొచ్చు, అంతే. తన పేరు పిలిచే సమయానికి ఆ పిల్ల ప్రేక్షకుల్లో కూర్చుని ఉంది. ఇంటికొచ్చాక నాన్నతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ మరుసటి ఏడు మళ్లీ పోటీ. ఈసారి తెనాలి నుంచి నాయనమ్మ కూడా వచ్చి ఉంది. స్కేట్స్ చేతిసంచిలోనే వెళ్లాలని ఇంట్లో తీర్మానం జరుగుతుంటే ఆవిడ నోరు నొక్కుకుంది. రావడంలో ఆవిడ వక్కలు కత్తిరించుకునే అడకత్తెర హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండిపోయింది. అత్తగారి కాలం నాటిది. సెక్యూరిటీవాళ్లు తీసి పక్కన పెట్టేశారు. మళ్లీ ఇవ్వలేదు. ఆ బాధ ఇంకా పచ్చిగానే ఉంది.

"నా అడకత్తెర లాక్కున్నారు. దీనికి మాత్రం రెండేసి కత్తులు పట్టుకుని విమానమెక్కమంటారా? ఇదెక్కడి న్యాయంరా?"

"కత్తులు కావమ్మా, బూట్లు" అన్నాడు కొడుకు.

"బూట్లయితే అడుగున ఆ ఉక్కేంటి మరి?"

నిజానికి నిబంధనలు రాసేవాళ్లని కూడా ఇరవై ఏళ్లకు పైగా వేధిస్తున్న ప్రశ్న ఇదే!

2001 సెప్టెంబర్ 11న అమెరికాలో విమానాల్ని హైజాక్ చేసినవాళ్లు వాడినవి చిన్న చిన్న కత్తులే. దాంతో అంచున్న ప్రతి వస్తువూ అనుమానితుడైపోయింది. అదే ఏడాది నవంబర్‌లో అక్కడ టీఎస్‌ఏ అనే రవాణా భద్రతా సంస్థ పుట్టింది. కాలం గడిచేకొద్దీ పట్టు కొంచెం కొంచెం సడలించారు. 2005 డిసెంబర్‌లో నాలుగంగుళాల లోపు కత్తెరలకి సరేనన్నారు. 2013 మార్చిలో ఇంకాస్త ముందుకెళ్లి చిన్న చాకుల్నీ, హాకీ కర్రల్నీ, రెండు గోల్ఫ్ కర్రల్నీ కూడా అనుమతిస్తామన్నారు. విమాన సిబ్బంది ఊరుకోలేదు. తలుపులేసుకున్న విమానంలో చాకుతో ఎదురుపడేది మేమూ, ప్రయాణికులే కదా అన్నారు. జూన్‌కల్లా ఆ ఆలోచన విరమించుకున్నారు. ఫలితంగా ఇవాళ అక్కడొక విచిత్రం. ఐస్ హాకీ ఆడేవాడు తన కర్రని క్యాబిన్‌లోకి తీసుకెళ్లకూడదు, బ్లేడున్న బూట్లని మాత్రం భుజానేసుకుని వెళ్లొచ్చు! కెనడాలోనూ అంతే. కర్రని చూస్తే కొట్టడం గుర్తొస్తుంది, బూటుని చూస్తే నడవడం గుర్తొస్తుంది కాబోలు.

అలాగని ఆ బ్లేడు అమాయకమైనదేం కాదు. 1989 మార్చిలో బఫెలో జట్టు గోల్‌కీపర్ క్లింట్ మలార్చుక్ మెడని ప్రత్యర్థి బూటు కోసేసింది. రక్తనాళం తెగి మంచంతా ఎర్రబడింది. జట్టు వైద్య సిబ్బందిలో ఒకరు వేళ్లతో నొక్కిపట్టడంతో బతికాడు. 2023 అక్టోబర్ 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆడం జాన్సన్ అనే 29 ఏళ్ల ఆటగాడు అలాంటి గాయంతోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. దాని తర్వాతే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన టోర్నమెంట్లలో మెడకి రక్షణపట్టీ తప్పనిసరి చేసింది. వేగంగా దూసుకొచ్చే మనిషి బరువంతా ఆ అంచు వెనక ఉన్నప్పుడు జరిగిన ఘోరాలవి. తొడుగులో చుట్టి సీటు కింద పెట్టిన బూటు సంగతి వేరు. అయినా తెరముందు కూర్చున్న అధికారి ఒక్క క్షణం ఆగి చూశాడంటే ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. టీఎస్‌ఏ కూడా తన జాబితాలో ఐస్ స్కేట్స్‌కి 'సరే' అని రాస్తూనే, చివరిమాట మాత్రం అక్కడున్న అధికారిదేనని ఇంకో వాక్యం చేర్చింది.

ఐరోపాది మరో కథ. 2004లో యూరోపియన్ యూనియన్ ప్రకటించిన నిషేధ జాబితాలో గొడ్డళ్లు, బాణాల సరసన ఐస్ స్కేట్స్ పేరు నేరుగా ఉంది. తర్వాత వచ్చిన జాబితాల్లోంచి ఆ పేరు తీసేశారు. చాకులకీ, కత్తెరలకీ ఆరు సెంటీమీటర్ల హద్దు పెట్టారు. పేరు లేదు కాబట్టి హాయిగా వెళ్లొచ్చా అంటే... తీవ్రంగా గాయపరచగల పదునైన వస్తువేదైనా కూడదన్న మాట ఒకటి అలాగే ఉంది. స్పీడ్ స్కేటింగ్ వాళ్ల బ్లేడులు మూరెడు పొడవు, మిల్లీమీటరు కాస్త అటూ ఇటూ మందం. వాటిని చూసి ఒక అధికారి బూటనుకోవచ్చు, ఇంకొకాయన అనుకోకపోవచ్చు. మధ్యలో విమానం మారేటప్పుడు మళ్లీ తనిఖీ ఉంటే ఆ దేశం నిబంధనే చెల్లుతుంది. బయల్దేరిన చోట వదిలారుగా అన్న వాదన అక్కడ పనిచెయ్యదు.

అందుకే అలవాటైనవాళ్లు వాదనలు పెట్టుకోరు. స్కేట్స్‌ని సంచి అడుక్కి తొయ్యకుండా పైనే పెడతారు. ఆ దేశం జాబితాలో ఆ పేరున్న పేజీని కాగితమ్మీద అచ్చుతీసి వెంట ఉంచుకుంటారు. ఎయిర్‌లైన్స్‌కి ముందే ఫోన్ చేస్తారు. ఇంకో గంట ముందే విమానాశ్రయానికి చేరతారు. కుదరదంటే వెనక్కి వెళ్లి లగేజీలో వేసే వ్యవధి ఉండాలి కదా. తడిగా ఉన్న బ్లేడుకి ప్లాస్టిక్ తొడుగు వేసి పెడితే లోపలి తేమకి తుప్పుపడుతుంది. పొడిగా తుడిచి మెత్తటి గుడ్డ తొడుగులు వెయ్యాలి. దుకాణాల్లో రంగురంగులవి దొరుకుతాయి. డెట్రాయిట్ పిల్లకి మాత్రం నాయనమ్మే పాత టర్కీ తువ్వాలు కత్తిరించి, ఎలాస్టిక్ పెట్టి కుట్టిచ్చింది, అడకత్తెర గురించి గొణుక్కుంటూనే. ఆ ఏడు సంచి తెరమీద ఆగింది, అధికారి చూశాడు, వదిలాడు. పిల్లకి పతకమేం రాలేదు. తొమ్మిదో స్థానం. కానీ పేరు పిలిచినప్పుడు మంచు మీద ఉంది.

మన దగ్గర స్కేటింగ్ అంటే చాలాకాలం చక్రాల స్కేటింగే. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చింది చక్రాల మీదే. చక్రాలకి అంచుండదు కాబట్టి తెరమీద ఈ పంచాయితీ లేదు. ఇప్పుడు మంచు వైపు వెళ్తున్న పిల్లలూ ఉన్నారు. సిమ్లాలో 1920 నుంచీ రింకు ఉన్నా అక్కడ మంచు చలికాలంలోనే. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన రింకు ఏళ్ల తరబడి మూతపడి, మళ్లీ తెరుచుకుని, 2025 ఆగస్టులో ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ పోటీలకి వేదికైంది. హైదరాబాద్ నుంచి అంతదూరం వెళ్లే పిల్లలకి బ్లేడుతో పాటు ఇంకో చిక్కుంది, బరువు. దేశీయ విమానాల్లో చేతిసంచికి సాధారణంగా ఏడు కిలోలే. క్రికెట్ బ్యాట్‌నే క్యాబిన్‌లోకి రానివ్వని మన దేశంలో, స్కేట్స్ గురించి టికెట్ కొనేటప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది. సరేనన్నాక కూడా తూకం గండం మిగిలే ఉంటుంది. బూట్ల జతే రెండు కిలోల దాకా తూగుతుంది. పోటీ దుస్తులూ, పుస్తకాలూ కలిస్తే ముల్లు దాటుతుంది. అప్పుడు సంచిలోంచి ఉన్నికోటు తీసి తొడుక్కోవడం తప్ప దారిలేదు. మే నెలలో శంషాబాద్ క్యూలో మెడదాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కారుతున్నా సంచిని ఒళ్లోంచి దించని పిల్ల ఎవరైనా కనిపిస్తే... ఎందుకమ్మా ఆ కోటు అని అడక్కండి.