మా చిన్నమ్మమ్మ

మంథనిలో మా అమ్మమ్మ పుట్టినింట నొక వంశవృక్షము కలదు. అందు ఏడుతరముల పురుషుల పేర్లున్నవి. స్త్రీ పేరు ఒక్కటియు లేదు. ఆ లోటు దీర్చినది అమ్మమ్మ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ.

2016లో జిల్లాలు విడిపోవువరకు కరీంనగరు, ఆదిలాబాదులకు గోదావరి సరిహద్దు. మేము దానిని గంగ యందుము. మంథని పిల్లలను ఆవలి చెన్నూరున కిచ్చుట వాడుక. చిన్నమ్మమ్మయు తొమ్మిదవయేట పడవపై నావలికి బోయి, పదునాల్గవయేట వైధవ్యముతో మరలివచ్చెను.

1935లో సిరిసిల్లలో నాల్గవ ఆంధ్రమహాసభతోపాటు మాడపాటి మాణిక్యమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. ఆ వార్త విని, నిజాము బడులలో ఉర్దూయే ప్రధానమైన యా కాలమున, చిన్నమ్మమ్మ అన్నగారి యొద్ద తెలుగక్షరములు నేర్చెను.

వంటలు, పురుళ్లు, పరుల బిడ్డల పెంపకము ముగిసిన పిదప నామె యొక లెక్కపుస్తకము ముందిడుకొనెడిది. ఏ పిల్ల ఏ యింటి కోడలయ్యెనో, ఎవరు కాన్పులో గతించిరో అందు వ్రాసెడిది. "గంగ దాటిన పిల్ల పేరు గంగలో కలిసిపోవలెనా?" అని మమ్మడిగెడిది.

అందు తనపేరు మాత్రము వ్రాసికొనలేదు. ఆమె గతించిన పిమ్మట మేము వ్రాసితిమి. మీ యింటి వృద్ధురాండ్రను వారుండగనే యడిగి వ్రాసికొనుడు.