కొలిమి పక్కన చలికాలం

ఆంగ్ల సాహిత్యం చదువుకున్న నాబోటివారికి శీతకాలపు విశ్రాంతి అనగానే ఇంగ్లండు పల్లెసీమలు కళ్ళ ముందు నిలుస్తాయి. మంచు కప్పిన పొలాలు, రాతిగోడల ఇల్లు, గోడలో అమర్చిన మంట, చేతిలో పుస్తకం, ఎక్కడికీ పోవలసిన తొందర లేకపోవటం. అటువంటి నవల నొకదాన్ని తెనిగిస్తూ, 'హార్త్' అనే మాట దగ్గర పదిరోజులు ఆగిపోయాను. 'పొయ్యి' అంటే వంటిల్లు గుర్తుకొస్తుంది. 'నెగడు' ఆరుబయటిది. 'కుంపటి' మరీ చిన్నది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరే మంటకు మనకు పేరు లేదు. మన చలి అంతటిది కాదు గదా!

ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని, డిసెంబరులో అక్కగారింటికి భిలాయి బయలుదేరాను. "ఉక్కు నగరానికి విశ్రాంతి కోసం వెళ్ళేవారుంటారా?" అని మిత్రులు నవ్వారు.

విశాఖ నుంచి రైలు విజయనగరం, పార్వతీపురం, రాయగడ దాటి, కొండల నడుమ సాగి, టిట్లాగఢ్ మీదుగా ఛత్తీస్‌గఢ్ మైదానం చేరుతుంది. తెల్లవారేసరికి కోసిన వరిమళ్ళ మీద మంచు పరుచుకుని ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారెందరో బతుకుతెరువు కోసం భిలాయి చేరారు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో అక్కడ కర్మాగారానికి నాంది పలికారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. బావగారి తండ్రి ఆ తొలి రోజులలోనే ఒక ట్రంకు పెట్టెతో ఇక్కడ దిగారట.

పొగ, మసి, రొద ఊహించుకుని వెళ్ళిన నాకు వెడల్పాటి రోడ్లు, వాటికి ఇరువైపులా పెద్ద చెట్లు, పెరడు గల క్వార్టర్లు ఎదురయ్యాయి. ఉదయం మంచులోంచి సైకిళ్ళ గంటలు ముందు వినిపిస్తాయి. మఫ్లర్లు చుట్టుకున్న మనుషులు తరువాత కనిపిస్తారు. పది గంటలకు పెరటిలో ఎండ పడుతుంది. జామచెట్టు పక్కన నులక మంచం వాల్చి, అక్క బఠాణీలు ఒలిచేది; నేను వాటిని తినేదాన్ని. కూరలమ్మి గంపలో తివరా ఆకుకూర తెచ్చేది. పొరుగింటి ఛత్తీస్‌గఢీ ఇల్లాలు బియ్యప్పిండి చీలాలు పంపితే, "మన అట్టుకు చెల్లెలే" అంది అక్క. మూడు రోజులు కాగితాల సంచి ముడి విప్పలేదు.

ఒక మధ్యాహ్నం మైత్రీబాగ్‌కు వెళ్ళాం. భారత-సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పడిన తోట అది. తెల్లపులి ఒకటి మాలాగే ఎండకు ఒళ్ళప్పగించి పడుకుంది. సోవియట్ యూనియన్ 1991లో అంతరించింది. స్నేహం పేరిట పెంచిన చెట్లు మాత్రం నీడనిస్తూనే ఉన్నాయి.

ఆ వారం బావగారికి రాత్రి షిఫ్టు. అందరం దుప్పట్లు కప్పుకునే వేళకు ఆయన టిఫిను డబ్బా తీసుకుని బయలుదేరేవారు. "ఒక్కసారి రాజేస్తే ఫర్నేసును ఏళ్ళ తరబడి ఆరనివ్వరమ్మా. పండగైనా, చలైనా సరే. దల్లీ రాజహరా ఖనిజం పైనుంచి పడుతూ ఉండాలి, కింద ఇనుము కరిగి వస్తూ ఉండాలి" అన్నారు. నువ్వు వచ్చిన రైలు పట్టాలు కూడా ఇక్కడ సాగినవే కావచ్చునని కాస్త గర్వంగా చెప్పారు. ఇంగ్లీషు నవలలలో మంట పక్కన కూర్చున్నవారినే చూశాను. ఆ మంటను కాచేవారు ఎవరో ఎన్నడూ ఆలోచించలేదు.

మార్చి నెలాఖరుకు ఆయన పదవీ విరమణ. ఆ తరువాత క్వార్టరు ఖాళీ చేయాలి.

"ఊరికి వెళ్ళిపోతారా?" అని అడిగాను.

"ఏ ఊరు?" అంది అక్క.

బావగారు నవ్వారు. "మా ఊరంటే నాకు సెలవులకు వెళ్ళే చోటమ్మా. నేను పుట్టింది ఇక్కడే. ఇక్కడ మాత్రం నాదన్నది ఏముంది, ఆ జామచెట్టు తప్ప?" కొడుకు బెంగుళూరు రమ్మంటున్నాడు. వీరింకా ఏదీ తేల్చుకోలేదు.

నేను బయలుదేరే ముందు రాత్రి ఆయనకు వారపు సెలవు. పెరటిలో బొగ్గుల కుంపటి రాజేశారు. అక్కడివారు దాన్ని సిగ్డీ అంటారు. ఎవరినీ పిలవలేదు. అయినా ఎదురింటి మలయాళీ దంపతులు, పక్కింటి ఇల్లాలు, వెనకవీధి పంజాబీ పెద్దాయన తలా ఒక స్టూలుతో వచ్చి చుట్టూ కూర్చున్నారు. హిందీ, తెలుగు, ఛత్తీస్‌గఢీ కలగలిసిన మాటలు నెమ్మదిగా సాగాయి. నడుమ నడుమ అందరూ ఊరుకునేవారు. ఆ మౌనమూ బాగుండేది. దూరాన కర్మాగారం పైన ఆకాశం ఎర్రబడి మళ్ళీ నల్లబడింది. "స్లాగు పోశారు" అన్నారు బావగారు, తల తిప్పకుండానే.

తిరుగు రైలులో సంచి ముడి విప్పాను. పదిరోజులు వేధించిన చోట 'కుంపటి' అని రాశాను. అది చిన్న మాట అని ఇప్పుడనిపించటం లేదు.

మొన్న అక్క ఉత్తరం రాసింది. ఎక్కడికి వెళ్ళేదీ ఇంకా తెలియదట. తీసుకువెళ్ళవలసిన సామాను జాబితా మాత్రం మొదలుపెట్టిందట. అందులో మొదటిది కుంపటి.