మోటార్ తిరగకపోతే బోరు ఎండినట్టు కాదు



ఈసారి పంట గురించి కాదు, కంప్యూటర్ గురించి రాస్తున్నాను. మనకెందుకులే అని దాటెయ్యకండి. పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటర్ మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో ఒక మూలన ఉంటోంది. పెళ్ళి ఫొటోలు, పొలం కాయితాల స్కానింగులు, ఇచ్చిపుచ్చుకున్న లెక్కలు అన్నీ అందులోనే పడేస్తున్నాం. ఒకరోజు అది ఆన్ కాదు. షాపుకి తీసుకెళితే "పోయిందండీ, ఫార్మాట్ కొట్టాలి" అంటారు. మనం సరే అంటాం. ఆ సరే అన్న మాటతోనే అన్నీ పోతాయి.

మన భాషలో చెప్తాను. మోటార్ తిరగలేదనుకోండి, బోరు ఎండిపోయిందంటామా? ముందు కరెంటు ఉందో లేదో చూస్తాం. ఫ్యూజు చూస్తాం, స్టార్టర్ చూస్తాం, కెపాసిటర్ చూస్తాం. అవన్నీ అయ్యాకే బోరు మీదకి మాట వస్తుంది. కంప్యూటర్ కూడా అంతే. మన ఫైళ్ళు ఉండేది హార్డ్ డిస్క్ అనే ఒక్క పెట్టెలో. ఆన్ కాకపోవడానికి కారణం చాలాసార్లు ఆ పెట్టె బయటే ఉంటుంది. మోటార్ కాలిపోయినా బోరులో నీళ్ళు ఉన్నట్టు, కంప్యూటర్ చచ్చిపోయినా ఫైళ్ళు బతికే ఉండొచ్చు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

మా అన్న పోయిన మాఘమాసంలో కాలం చేశాడు. గుండెపోటు, ఆసుపత్రికి తీసుకెళ్ళే టైము కూడా ఇవ్వలేదు. ఆయనకి చిన్నప్పట్నుంచీ లెక్క రాసే అలవాటు. ముందు నోటు పుస్తకాల్లో రాసేవాడు. కొడుకు చదువు కోసం కంప్యూటర్ కొన్నాక వాడి దగ్గర ఎక్సెల్ నేర్చుకుని అందులో రాయడం మొదలుపెట్టాడు. ఎరువుల కట్టలు, కూలీలు, కాయ ధర, వాన ఏ రోజు ఎంత పడింది, అన్నీ. రాత్రి భోజనం చేసి పది నిమిషాలు దాని ముందు కూర్చోకుండా పడుకునేవాడు కాదు.

ఆయన పోయాక కొన్ని నెలలు ఎవరూ ఆ గదిలోకి వెళ్ళలేదు. తర్వాత ఒక తగాదా వచ్చింది. మా అన్న పొలం ఎకరంన్నర ఒకతను కౌలుకి చేస్తాడు. సంవత్సరానికి నలభై వేలు మాట. సంక్రాంతి వెళ్ళాక పాతికవేలు అన్న చేతికే ఇచ్చానని అతను అంటాడు. మా వదిన "నాకు ఆయన చెప్పలేదు, ఇంట్లో డబ్బు కనపడలేదు" అంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడే మనుషులు కారు. రసీదు లేదు. మన ఊళ్ళల్లో కౌలుకి రసీదు ఎక్కడుంటుంది, అంతా నోటిమాటేగా. పెద్దమనుషుల్లో కూర్చుంటే కాయితం లేనివాడి మాటే తేలిపోతుంది. అతనికి సొంతం సెంటు భూమి లేదు. పాతికవేలు రెండోసారి కట్టాలంటే మళ్ళీ వడ్డీకి తేవాలి. పైగా దొంగ అన్న పేరు కూడా మోయాలి.

అన్న రాసే ఉంటాడని నాకు నమ్మకం. కానీ కంప్యూటర్ ఆన్ కాలేదు.

నేనూ, మా అన్న కొడుకూ కలిసి కూర్చున్నాం. మేము చేసినవి వరసగా చెప్తాను, మీకు పనికొస్తాయి.

ముందు కరెంటు. బటన్ నొక్కితే లైటు కూడా లేదు. కంప్యూటర్ యూపీఎస్ లోంచి వస్తోంది. నెలల తరబడి వాడకపోతే యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోతుంది. వైరు తీసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాం. లైటు వచ్చింది, ఫ్యాన్ తిరిగింది. ఇలా పెట్టినా రాకపోతే లోపల ఎస్‌ఎంపీఎస్ అనే కరెంటు డబ్బా చూపించుకోవాలి. పిడుగులు పడ్డప్పుడు, ఓల్టేజీ ఎక్కువ తక్కువలైనప్పుడు ముందు పోయేవాటిలో అదొకటి. దాన్ని మార్చినంత మాత్రాన ఫైళ్ళకి ఏమీ కాదు.

తర్వాత శబ్దం. ఫ్యాన్ తిరుగుతోంది కానీ తెర నల్లగా ఉంది, లోపల్నుంచి బీప్ బీప్ మని ఒకటే మోత. ఇది చాలాసార్లు ర్యామ్ అనే పట్టీ సరిగా కూర్చోకపోతే వస్తుంది. ప్లగ్గు పీకేసి, ఇనుప డబ్బాని ఒకసారి చేత్తో తాకి, మూత తీసి ఆ పట్టీ బయటకి తీశాం. దాని అంచున బంగారు రంగు గీతలుంటాయి. పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊదేసి, టక్కుమనేదాకా నొక్కి పెట్టాం. తెర మీదకి అక్షరాలు వచ్చాయి.

కానీ విండోస్ రాలేదు. గుర్తు వస్తుంది, చుక్కలు తిరుగుతాయి, నీలం తెర వస్తుంది, మళ్ళీ మొదటికే. టౌనుకి తీసుకెళ్ళాం. షాపతను పది నిమిషాలు చూసి, "డిస్క్ వీకయింది, కొత్తది వేసి విండోస్ ఎక్కిస్తాను, పాతవి రావు" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. అతని పని కంప్యూటర్ నడిచేలా చెయ్యడం. మనకి కావాల్సింది కంప్యూటర్ కాదు, అందులో ఉన్నది. ఈ తేడా మనమే చెప్పాలి. "కొత్తది తర్వాత చూద్దాం, పాత డిస్క్ విప్పి నా చేతికివ్వండి" అన్నాను. నాలుగు మరలు, రెండు వైర్లు. అర చెయ్యంత పెట్టె. గుడ్డలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ లాగా తగిలించే వైరు ఒకటి దొరుకుతుంది. సాటా టు యూఎస్‌బీ అని అడగండి. పెద్ద కంప్యూటర్ డిస్క్ అయితే వైరుతోపాటు విడిగా కరెంటు అడాప్టర్ ఉన్నదే కొనాలి, ఎందుకంటే దానికి 12 వోల్టులు కావాలి. ల్యాప్‌టాప్ డిస్క్‌కి యూఎస్‌బీలో వచ్చే 5 వోల్టులు సరిపోతాయి. మాకు వెయ్యి రూపాయల లోపే దొరికింది.

మా ఊళ్ళో మీసేవ పని చేసే కుర్రాడి ల్యాప్‌టాప్‌కి తగిలించాం. సీ డ్రైవ్ తెరుచుకుంది. అందులో యూజర్స్ అనే ఫోల్డర్, దాని లోపల అన్న పేరు, దాని లోపల డెస్క్‌టాప్, పిక్చర్స్. అనుమతి లేదని అడిగితే కంటిన్యూ నొక్కాం. ఫొటోలు సగం అక్కడే దొరికాయి. లెక్కలు లేవు. అవి డీ డ్రైవ్‌లో ఉంటాయని మావాడికి తెలుసు. డీ నొక్కగానే "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా" అని అడిగింది.

మిత్రులారా, ఇక్కడే చాలామంది సరే నొక్కుతారు. నొక్కొద్దు. క్యాన్సిల్ కొట్టండి. అది అడిగేది "గట్లు చెరిగిపోయాయి, పొలమంతా దున్నేసి కొత్త గట్లు వెయ్యనా" అని. గట్టు చెరిగినా పైరు ఉండొచ్చు. దున్నితే పైరు కూడా పోతుంది.

ఆ కుర్రాడు ఇంకో మంచి మాట చెప్పాడు. "బాబాయ్, వీకయిన డిస్క్‌ని గంటలకొద్దీ గెలికితే ఉన్నది కూడా పోద్ది. ముందు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్క్ మీదకి దించుకుందాం. తర్వాత వెతుకులాట ఆ నకలు మీదే" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది. అసలు దస్తావేజు బీరువాలో పెట్టి జిరాక్స్ మీద గీతలు గీసుకుంటాం చూడండి, అది. అన్నది 500 జీబీ. నకలుకి అంతకంటే పెద్దది ఉండాలి కాబట్టి 1 టీబీ బయటి డిస్క్ కొన్నాం.

దీనికి డీడీరెస్క్యూ అని ఒకటుంది, లినక్స్‌లో నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దాన్నుంచే కంప్యూటర్ నడపొచ్చు. ట్రై అనేది ఎంచుకోవాలి, ఇన్‌స్టాల్ కాదు. ఆ డీడీరెస్క్యూ ముందు బాగున్న చోట్లన్నీ చదివేస్తుంది, పాడైన చోట్లు వదిలేసి చివర్లో మళ్ళీ వాటి దగ్గరకి వస్తుంది. మనం కూడా వాన ముంచుకొస్తుంటే ముందు బాగున్న మడి కోసుకుని, పడిపోయిన మడి తర్వాత చూస్తాం. ఒకటే జాగ్రత్త. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కి అన్నది తారుమారైతే పాతదాని మీద ఖాళీ డిస్క్ వచ్చి కూర్చుంటుంది. పేర్లు రెండుసార్లు చదివి మొదలుపెట్టాలి. చేతకాకపోతే తెలిసినవాళ్ళ చేత చేయించండి. మాకు రాత్రంతా పట్టింది.

తెల్లారి ఆ నకలు మీద టెస్ట్‌డిస్క్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రామ్ నడిపితే డీ డ్రైవ్ ఫోల్డర్లు వరసగా కనపడ్డాయి. అన్నీ పూర్తిగా రాలేదు. కొన్ని ఫొటోలు పైసగం బాగుండి కింద బూడిదరంగు అయిపోయాయి. మావాడి చిన్నప్పటి వీడియో ఒకటి అసలు తెరుచుకోలేదు. కానీ "కౌలు" అని రాసిన ఫైలు వచ్చింది. 18వ తారీఖు జనవరి. ముట్టింది 25,000. మిగతా 15,000 కాయ అమ్మాక. పక్కన అన్న అలవాటుగా రాసే మాట, "ఇబ్బంది పెట్టవద్దు."

అదే షీటులో కొంచెం కింద నా పేరున డ్రిప్పు పైపుల బాకీ 6,200 కూడా ఉంది. అది వదినకి అప్పుడే ఇచ్చేశాను. లెక్క అంటే అందరికీ లెక్కే.

వదిన కౌలు రైతుని పిలిపించింది. అతనికి చదువు రాదు. తెర వంక చూసి, "ఇంకోసారి చదవయ్యా" అని మావాడిని అడిగాడు. చదివాడు. "నేను చెప్పానుగా అమ్మా" అన్నాడు, అంతే. వదిన లోపలికెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది. పాతికవేలు ఎటు పోయిందో కూడా ఆ లెక్కల్లోనే దొరికింది, ఎరువుల బాకీ కట్టాడు అన్న.

ఇప్పుడు మీకు నాలుగు మాటలు.

డిస్క్‌లోంచి టక్ టక్ మని గడియారం కొట్టినట్టు శబ్దం వస్తే వెంటనే ఆపెయ్యండి. లోపల చదివే ముల్లు దెబ్బతిన్నదని అర్థం. తిప్పేకొద్దీ పళ్ళెం మీద గీతలు పడతాయి. దానికి దుమ్ములేని గదిలో విప్పి చూసే చోట్లు వేరే ఉంటాయి. ఖర్చు వేలల్లో ఉంటుంది, ముందే అడిగి తేల్చుకోండి. ఇంట్లో మాత్రం మూత విప్పొద్దు. వరదలో తడిసినా కరెంటు ఇవ్వొద్దు.

దొరికిన ఫైళ్ళని మళ్ళీ అదే డిస్క్‌లో దాచొద్దు. మిగిలినవి వాటి కింద పడి చెరిగిపోతాయి.

పిల్లల కొత్త ల్యాప్‌టాప్‌లతో ఇంకో చిక్కుంది. వాటిలో బిట్‌లాకర్ అనే తాళం ఉండొచ్చు. డిస్క్ విప్పి ఇంకోదానికి తగిలించినా 48 అంకెల తాళంచెవి లేకుండా తెరుచుకోదు. అది సాధారణంగా వాళ్ళ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. బాగున్నప్పుడే కాయితం మీద రాయించి బీరువాలో పెట్టండి.

విండోస్ 10కి కంపెనీ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పాత కంప్యూటర్లు మూలన పడేస్తున్నారు, తూకానికి అమ్మేస్తున్నారు. అమ్మేముందు డిస్క్ విప్పి దగ్గర పెట్టుకోండి. మీ ఆధార్ కాపీలు, బ్యాంకు కాయితాలు పాత ఇనుము బండి ఎక్కి పోవడం కూడా మంచిది కాదు.

ఇక దాచుకోవడం. విత్తనమంతా ఒకే గాదెలో పొయ్యం. పురుగు పడితే వచ్చే ఏడాదికి గింజ మిగలదని మనకి తెలుసు. ఫైళ్ళు కూడా మూడు చోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో, ఒకటి ఇంటికి దూరంగా. దూరం అంటే కూతురింట్లో అయినా పర్వాలేదు, గూగుల్ డ్రైవ్ అయినా పర్వాలేదు, అందులో 15 జీబీ ఊరికే ఇస్తారు.

వన్ బీ, అడంగల్ పోతే మీభూమిలో మళ్ళీ తీసుకోవచ్చు. రిజిస్టరైన దస్తావేజుకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఇస్తారు. కానీ ఎవరికి ఎంత ఇచ్చాం, ఎవరి దగ్గర ఎంత పుచ్చుకున్నాం అన్నది ఏ ఆఫీసులోనూ దొరకదు. అది మన ఇంట్లో ఉంటేనే ఉంది. అందుకే ఈ ఏడు నుంచి మా వదిన కౌలు డబ్బు ముట్టిన రోజే చిన్న కాయితం రాసి, సంతకం పెట్టి అతని చేతికిస్తోంది. కంప్యూటర్లో ఒక నకలు, అతని ఇంట్లో ఒక నకలు. మీరు కూడా కౌలుకి ఇచ్చినవాళ్ళయితే ఆ కాయితం ఇవ్వండి, కౌలుకి తీసుకున్నవాళ్ళయితే మొహమాటపడకుండా అడిగి తీసుకోండి.